బిడ్డకు మెడ నిలవకపోతే, నడక రాకపోతే: ఎప్పుడు, ఎక్కడికి, ఎలా వెళ్లాలి

తొమ్మిది నెలలు నిండినా బిడ్డ కూర్చోవడం లేదని తల్లి అంటే ఇంట్లో ఏ జవాబులు వస్తాయో మనందరికీ తెలుసు. "మగపిల్లలు కాస్త ఆలస్యమే." "బొద్దుగా ఉన్నాడు కదా, ఒళ్లు బరువు." "వాళ్ల నాన్న కూడా రెండేళ్లకు గానీ నడవలేదు." ఒక్కోసారి ఆ మాటలు నిజమే అవుతాయి. చాలామంది పిల్లలు కొంచెం వెనకగా మొదలుపెట్టి తర్వాత అందుకుంటారు. అయితే ఏ బిడ్డ తనంతట తాను అందుకుంటాడో, ఏ బిడ్డకు సాయం కావాలో ఇంట్లో కూర్చుని తేల్చలేం. చూపించుకుంటే పోయేది ఒక పూట, అంతే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. జబ్బు పేరు తేలేదాకా థెరపీ మొదలుపెట్టకుండా ఆగొద్దు. పరీక్షలు ఒకవైపు, వ్యాయామాలు ఇంకోవైపు ఒకేసారి సాగాలి. "రిపోర్టులన్నీ రానివ్వండి, అప్పుడు చూద్దాం" అనుకుంటూ ఆరు నెలలు గడిపేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఆరు నెలలు ఎదిగే మెదడుకు చాలా విలువైనవి.

1. వయసు సరిగ్గా లెక్కేయండి

బిడ్డ నెలలు తక్కువగా పుట్టి ఉంటే, పుట్టిన తేదీతో కాకుండా డాక్టరు చెప్పిన కాన్పు తేదీతో లెక్క కట్టాలి. 32 వారాలకు పుట్టిన పాప 8 వారాలు ముందు పుట్టినట్టు. ఇప్పుడు ఆమెకు 8 నెలలైతే, ఎదుగుదల చూసేటప్పుడు 6 నెలల పిల్ల కిందే లెక్క. రెండేళ్లు నిండేదాకా ఇలాగే చూస్తారు. టీకాలకు మాత్రం ఈ సవరణ వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

ఈ లెక్క వల్ల కొందరి టెన్షన్ సగం తగ్గుతుంది. అలాగని "నెలలు తక్కువ బిడ్డ కదా" అని అన్నిటికీ దాన్నే సాకుగా చెప్పుకోవద్దు. ముందుగా పుట్టిన పిల్లల్లో నిజమైన ఆలస్యం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, వాళ్లను మరింత జాగ్రత్తగా చూడాలి.

2. దేనితో పోల్చాలి

పక్కింటి పిల్లతో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి 2006లో ఒక పట్టిక ఇచ్చింది. దాని ప్రకారం ఆనుకోకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, ఏదైనా పట్టుకుని నిలబడటం 5 నుంచి 11న్నర నెలల మధ్య, పట్టు లేకుండా నడవడం 8 నుంచి 17న్నర నెలల మధ్య వస్తాయి. ఎంత వెడల్పు ఉందో చూడండి. పదో నెలలో నడిచిన పిల్ల, పదహారో నెలలో నడిచిన పిల్ల ఇద్దరూ మామూలే. ఆ పట్టికలోనే ఇంకో విషయం ఉంది: కొద్దిమంది పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు దోగాడకుండానే నేరుగా నిలబడి నడిచేశారు. కాబట్టి మిగతావన్నీ సరిగా ఉంటే, దోగాడలేదన్న ఒక్క కారణానికి కంగారు పడక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి నేనైతే ఈ గీతలు పెట్టుకుంటాను. 4 నెలలు దాటినా మెడ నిలవకపోతే, 9 నెలలు నిండినా కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోతుంటే, ఏడాది నిండినా పట్టుకుని కూడా నిలబడకపోతే, 18 నెలలకు నడక రాకపోతే, ఇక ఆగకూడదు.

వయసుతో పాటు తీరు కూడా చూడాలి. పెద్దవాళ్లు దీన్ని గమనించినా పెద్దగా పట్టించుకోరు. 4 నెలలు దాటినా బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించే ఉంచడం, చంకల కింద పట్టుకుని ఎత్తితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీదొకటి పడటం, ఒళ్లు కట్టెలా బిగుసుకోవడం, లేదా తడిగుడ్డలా చేతుల్లోంచి జారిపోవడం, పాకేటప్పుడు ఒక కాలు ఈడ్చడం, నడక వచ్చాక ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం. ఏడాది నిండకముందే బిడ్డ అన్నిటికీ ఒకే చెయ్యి వాడుతుంటే "మా వాడు ఎడమచేతి వాటం" అని మురిసిపోకండి. ఆ వయసులో పిల్లలు రెండు చేతులూ వాడాలి. రెండో చెయ్యి ఎందుకు రావడం లేదన్నది అసలు ప్రశ్న.

3. వీటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు

రెండు విషయాల్లో రోజులు కూడా లెక్కే.

మొదటిది, వచ్చినవి పోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోవడం, నవ్వే బిడ్డ నవ్వు మానేయడం. ఇది ఆలస్యం కాదు, వెనక్కి జారడం. ఆ వారంలోనే చూపించాలి.

రెండోది ఒక రకం ఫిట్స్. సాధారణంగా 3 నుంచి 8 నెలల వయసులో మొదలవుతాయి. నిద్ర లేచిన వెంటనే బిడ్డ తల ముందుకు వంచి, రెండు చేతులూ చాచి, ఒక్క క్షణం ఒళ్లు ముడుచుకుని వదిలేస్తాడు. కొన్ని సెకన్లకు మళ్లీ అదే. అలా వరసగా చాలాసార్లు వస్తుంది. చూసేవాళ్లకు ఉలిక్కిపడ్డట్టో, కడుపునొప్పితో ముడుచుకున్నట్టో అనిపిస్తుంది. గ్రైప్ వాటర్ పట్టి ఊరుకుంటారు. దీన్ని ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అంటారు. వెంటనే ఇ.ఇ.జి., అంటే మెదడు తరంగాల పరీక్ష, తీసి మందు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా ఆపితే మెదడుకు అంత మేలు. అనుమానం వస్తే ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టర్‌కు గానీ, పిల్లల న్యూరాలజిస్టుకు గానీ చూపించండి. చాలాసార్లు డాక్టరు ముందు ఆ కదలిక రాదు. మీ వీడియోనే సాక్ష్యం.

4. వెళ్లేముందు ఒక కాగితం, నాలుగు వీడియోలు

ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి.లో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. "ఎప్పుడు బోర్లా పడ్డాడు?" అని అడిగితే తడబడకుండా ముందే రాసుకోండి. తేదీలు గుర్తులేకపోతే మన ఇళ్లలో ఒక మంచి దారి ఉంది. బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు చేశారు కదా, అడుగులేస్తే అరిసెలు పంచుతారు కదా. ఆ రోజు ఫొటో ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది, దాని మీద తేదీ ఉంటుంది.

కాగితం మీద ఇవి ఉండాలి: ఎన్ని వారాలకు కాన్పు, పుట్టినప్పుడు బరువు, పుట్టగానే ఏడ్చాడా, ఎన్ని రోజులు ఐ.సి.యు.లో లేదా పెట్టెలో ఉంచారు, కామెర్లకు లైట్ల కింద పెట్టారా లేక రక్తం మార్చారా, ఫిట్స్ వచ్చాయా. పాలు తాగడానికి ఎంతసేపు పడుతుంది, దగ్గుతూ ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడా అన్నది కూడా రాయండి. తర్వాత కుటుంబం సంగతి. మీది మేనరికమా? దగ్గరి బంధువుల్లో ఇలాంటి బిడ్డ ఉన్నాడా, చిన్నతనంలోనే పోయిన పిల్లలున్నారా? ఈ మాట అత్తగారి ముందు చెప్పడం కష్టమైతే కాగితం మీద రాసి ఇవ్వండి. కొన్ని జన్యు జబ్బుల ఆచూకీ ఈ ఒక్క జవాబుతోనే దొరుకుతుంది.

వీడియోలు చిన్నవి చాలు: వెల్లకిలా పడుకుని ఆడుకుంటూ, బోర్లా వేసినప్పుడు, కూర్చోబెట్టినప్పుడు, చేతులు పట్టి నిలబెట్టినప్పుడు. బట్టలు తక్కువగా ఉంటే కాళ్లూ చేతులూ బాగా కనిపిస్తాయి. కాన్పు డిశ్చార్జి సమ్మరీ, తల్లీబిడ్డల రక్షణ కార్డు ఆ ఫైల్లోనే పెట్టండి. ఆ కార్డులో ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. టీకాల పేజీ తప్ప మనం అటు చూడం.

5. ఎక్కడికి వెళ్లాలి

మీకు తెలిసిన పిల్లల డాక్టర్ ఉంటే మొదటి మెట్టు అదే. వెళ్లినప్పుడు జలుబుతో పాటు "ఇంకా కూర్చోవట్లేదండి" అని గుమ్మం దగ్గర చెప్పకండి. ఈ ఒక్క పనికే వెళ్లండి.

ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్త గానీ, అంగన్‌వాడీ టీచర్ గానీ దారి చూపిస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, అంటే అందరూ ఆర్.బి.ఎస్.కె. అనే పథకం కింద, డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యం ఈ నాలుగూ వాళ్ల పనే. అయితే వాళ్లు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఆ పథకం కిందే జిల్లాల్లో డైక్ (డి.ఇ.ఐ.సి.) పేరుతో సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. ఎక్కువగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనో, జిల్లా ఆసుపత్రిలోనో ఉంటాయి. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్టు, వినికిడి, కంటి పరీక్షలు చేసేవాళ్లు, సైకాలజిస్టు ఒకేచోట ఉండాలన్నది దాని ఉద్దేశం, ఖర్చు ఉండదు. అన్నిచోట్లా అన్ని పోస్టులూ నిండి ఉండవు కాబట్టి, ఫిజియోథెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని బయల్దేరండి. లేకపోతే బస్సు చార్జీ దండగ.

హైదరాబాద్‌కు అందుబాటులో ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ ఉంది. మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ, పాతవాళ్లు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు. చిన్నపిల్లల కోసం అక్కడ ప్రత్యేక సత్వర చికిత్స కేంద్రం నడుస్తోంది. నీలోఫర్‌లో పిల్లల వైద్యం, నిమ్స్‌లో జన్యు వైద్యం ఉన్నాయి. కోస్తా, రాయలసీమ వాళ్లు విశాఖ కె.జి.హెచ్., తిరుపతి రుయా లాంటి బోధనాసుపత్రుల పిల్లల విభాగానికి వెళ్లొచ్చు. నా సలహా ఏమిటంటే, పరీక్షలకు, రోగ నిర్ధారణకు పెద్ద ఆసుపత్రికి వెళ్లండి, వారం వారం థెరపీకి మాత్రం ఇంటికి దగ్గరది చూసుకోండి. వంద కిలోమీటర్ల దూరంలో గొప్ప థెరపిస్టు ఉన్నా రెండు నెలలకు మించి ఎవరూ తిరగలేరు.

అమెరికాలో ఉండే మన వాళ్లకు ఒక మాట. అక్కడ మూడేళ్లలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ ఏర్పాటు ప్రతి రాష్ట్రంలో ఉంది. డాక్టర్ చీటీ లేకుండా తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయొచ్చు, పరీక్షకు డబ్బు తీసుకోరు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "ఇక్కడి డాక్టర్లు ఊరికే భయపెడతారు" అన్నా సరే, ఫోన్ చేయండి.

6. డాక్టర్ గదిలో

డాక్టర్ తల చుట్టుకొలత కొలవాలి, ఒళ్లు బిగుతుగా ఉందా మెత్తగా ఉందా చూడాలి, మోకాలి మీద తట్టి రిఫ్లెక్సులు చూడాలి, తుంటి కీళ్లు సరిగ్గా ఉన్నాయా చూడాలి. బిడ్డ మీద చెయ్యి వేయకుండానే "టానిక్ రాస్తాను, వచ్చేస్తుంది" అంటే మర్యాదగా అక్కడి నుంచి లేచి ఇంకొకరిని కలవండి.

పరీక్షల్లో తేలిగ్గా నయమయ్యే కారణాలను ముందు వెతకాలి. థైరాయిడ్ తక్కువగా ఉందేమో టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చెబుతుంది. రోజూ ఒక మాత్రతో సరిపోయే సమస్య అది, కానీ తొలి వారాల్లో పట్టుకోకపోతే తెలివి మీద దెబ్బ పడుతుంది. డి విటమిన్ లోపంతో ఎముకలు మెత్తబడి, కండరాలు నీరసించి నడక ఆలస్యం కావచ్చు. రక్తహీనత సంగతి చెప్పక్కర్లేదు, మన దగ్గర చాలామంది పిల్లల్లో ఉంది.

బి12 గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. తల్లి మాంసం, గుడ్డు ముట్టని మనిషి, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రం, బిడ్డకు ఆరు నెలలు దాటినా తల్లిపాలు తప్ప ఏమీ పెట్టడం లేదు. ఇలాంటి ఇంట్లో బాగా ఎదుగుతున్న బిడ్డ నెమ్మదిగా నీరసపడి, పాలిపోయి, ఆటపాటలు మానేసి, వేళ్ల కణుపులు నల్లబడి, ఒక్కోసారి చేతులు వణికే స్థితికి వస్తాడు. బి12 ఇంజెక్షన్లతో చాలామంది త్వరగా తేరుకుంటారు, కానీ ఆలస్యం చేస్తే కొంత లోటు మిగిలిపోతుంది. తల్లికి కూడా బి12 ఇవ్వాలి. ఆరు నెలలు నిండగానే మెత్తటి పప్పన్నం, గుడ్డు, తినేవాళ్లయితే చేప మొదలుపెట్టాలి. పెరుగు కూడా పెట్టొచ్చు. ఉగ్గు గిన్నెలో పల్చటి గంజి ఒక్కటే పోసి సరిపెట్టొద్దు.

కండరాల జబ్బు అనుమానం ఉంటే సి.పి.కె. అనే రక్తపరీక్ష అడుగుతారు. మగపిల్లాడు ఆలస్యంగా నడిచి, పిక్కలు లావుగా ఉండి, నేల మీంచి లేవడానికి తన తొడల మీదే చేతులు వేసి ఎక్కుతుంటే ఇది తప్పనిసరి. ఒళ్లు బాగా మెత్తగా ఉండి, ముఖం మాత్రం చురుగ్గా, కళ్లు చక్కగా తిప్పే బిడ్డకు ఎస్.ఎం.ఎ. అనే నరాల జబ్బు ఉందేమోనని జన్యు పరీక్ష చేస్తారు, దానికి మందులున్నాయి గనక రోజులు వృథా చేయకూడదు. పుట్టగానే ఏడవని బిడ్డకు, ఒళ్లు బిగుతుగా ఉన్న బిడ్డకు మెదడు ఎం.ఆర్.ఐ. రాయొచ్చు. నిద్రమందు ఇచ్చి తీస్తారు, భయపడక్కర్లేదు. చెవి, కంటి పరీక్షలు మాత్రం అందరికీ చేయించండి. చూపు సరిగా లేని బిడ్డ బొమ్మ కోసం చెయ్యి చాచడు, చాచకపోతే ముందుకు పాకడు. సమస్య కాళ్లలో ఉందని మనం కాళ్లకే నూనె రాస్తూ ఉంటాం.

లేచే ముందు మూడు ప్రశ్నలు అడగండి. "మీకు ఏ అనుమానం ఉంది? థెరపీ రేపటి నుంచే మొదలుపెట్టొచ్చా? మళ్లీ ఎప్పుడు చూపించాలి, అప్పటికి ఏం రావాలి?" డాక్టర్ "కొన్నాళ్లు చూద్దాం" అంటే తప్పులేదు, కానీ "ఎన్నాళ్లు?" అని అడిగి ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి.

7. థెరపీ ఎలా ఉండాలి

వారానికి రెండుసార్లు సెంటర్‌లో అరగంట చేయిస్తే బిడ్డ నడవడు. మంచి థెరపిస్టు బిడ్డతో పాటు మీకూ నేర్పుతారు. ఎలా ఎత్తుకోవాలి, ఎలా కూర్చోబెట్టాలి, అన్నం పెట్టేటప్పుడు వీపుకు ఎక్కడ ఆసరా ఇవ్వాలి అన్నవి మీ చేత చేయించి చూస్తారు. తలుపు మూసి లోపల బిడ్డ ఏడుస్తుంటే మిమ్మల్ని బయట కూర్చోబెట్టే చోటు నాకు నచ్చదు. ఆరు నెలల ప్యాకేజీ డబ్బు ముందే కట్టమనే చోటు అంతకన్నా నచ్చదు. వచ్చే మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో అడగండి. "చేతులు ఆన్చి అర నిమిషం కూర్చోవడం" లాంటి స్పష్టమైన జవాబు రావాలి.

ఇంట్లో చేయాల్సినవి పెద్ద విద్యలేం కావు. మెలకువగా ఉన్నప్పుడు బొంత మీద బోర్లా వేసి ఎదురుగా మీరూ పడుకుని మాట్లాడండి. ఇంకా పాకని పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం అరగంట ఇలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రెండేసి నిమిషాలుగా విడగొట్టినా సరే. నిద్రకు మాత్రం వెల్లకిలానే. చెంచా, గిన్నె, గాజుల చప్పుడు కాస్త దూరంగా పెడితే దానికోసం జరుగుతాడు. గంటల తరబడి ఉయ్యాల్లోనో, చంకలోనో, ఫోన్ ముందో ఉన్న బిడ్డకు కదిలే అవసరమే రాదు.

వాకర్ కొనకండి. ఎవరైనా కానుకగా ఇస్తే అటక మీద పెట్టండి. దానివల్ల నడక త్వరగా రాదు, మెట్ల మీంచి పడే ప్రమాదం మాత్రం ఉంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

ఇక నూనె మర్దన. స్నానానికి ముందు అమ్మమ్మ చేసే మృదువైన మర్దన బిడ్డకు హాయే, చేయనివ్వండి. బిగుసుకున్న కాళ్లను బలంగా లాగడం, తలకిందులుగా ఊపడం వద్దు. చురకలు పెట్టించడం అసలే వద్దు. అది గాయం, చీము, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. తాయెత్తు కట్టాలని పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పెట్టుకోకుండా కట్టించుకుని థెరపీకి వెళ్లిపోండి. మీ ఓపిక దాచుకోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం, పోతుందని లక్షలు అడిగేవాళ్లు ఎదురవుతారు. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగ దశలోవే. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. బంగారం తాకట్టు పెట్టే ముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

8. కాగితాల పని

సెరిబ్రల్ పాల్సీ లాంటిది ఖాయమైతే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు (సదరం అంటారు) స్లాట్ బుక్ చేసుకోండి. మీసేవలో గానీ, ఆంధ్రలో సచివాలయంలో గానీ అడిగితే చెబుతారు. చిన్నపిల్లలకు తరచూ తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, కొన్నేళ్లకు మళ్లీ చూస్తారు. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, యు.డి.ఐ.డి., కూడా తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఖర్చు వస్తుంది. అందులో థెరపీ ఖర్చుకూ కొంత ఉంటుంది కాబట్టి ప్రతి రసీదూ దాచండి. సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డకు ముద్ర పడిపోతుందని కొందరు వెనకాడతారు. ఇష్టం లేనిచోట ఎవరికీ చూపించక్కర్లేదు, బీరువాలో ఉంటుంది.

9. రెండో బిడ్డను అనుకునే ముందు

మొదటి బిడ్డది జన్యు కారణమని తేలినా, కారణం ఇంకా తేలకపోయినా, మళ్లీ గర్భం అనుకునే ముందు జన్యు వైద్యులను ఒకసారి కలవండి. మేనరికం అయితే మరీను. భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. ఆమె ఒక్కతే రిపోర్టులు పట్టుకుని వెళ్లి, ఇంటికొచ్చి తప్పంతా తనదే అన్నట్టు అందరికీ జవాబు చెప్పుకోవడం కాదు. చాలా జబ్బుల్లో లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ చెరొకటి వస్తుంది. మొదటి బిడ్డలో ఆ జన్యులోపం ఏదో కచ్చితంగా తెలిస్తే, తర్వాతి గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే వీలుంది. దానికి మొదటి బిడ్డ జన్యు రిపోర్టు కావాలి, కాబట్టి ఒరిజినల్ ఫైల్లో పెట్టి, ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి.